తిప్పే చెయ్యి, తోసే చెయ్యి

నా భార్య పోయిన తరవాత వచ్చిన రెండో చలికాలంలో మా భోజనాల బల్ల దగ్గరి కుర్చీ ఒకటి చప్పుడు చెయ్యడం మొదలుపెట్టింది. రోజూ పొద్దున పదకొండు ప్రాంతంలో, ఎవరూ కూర్చోకుండానే, ఒక్కసారి కిర్రుమనేది. అది ఆమె కూర్చునే కుర్చీ. దానికి ఎదురుగా కూర్చునే నేను ఇంటి నుంచి ఆఫీసు పని చేసుకునేవాణ్ణి.

కారణం కనిపెట్టడానికి రెండు రోజులు పట్టింది. కూకట్‌పల్లిలో మా ఫ్లాటు బాల్కనీ ఆగ్నేయం వైపు ఉంటుంది. చలికాలపు ఎండ ఏటవాలుగా లోపలికి వచ్చి, నేల మీద పాకుతూ, సరిగ్గా ఆ వేళకు ఆ కుర్చీ వెనక కాలు ఎక్కుతుంది. చెక్క వేడెక్కి, లోపల వదులైన అతుకు కాస్త జరుగుతుంది. అంతే. పాతికేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. ప్రతి తప్పుకూ ఒక కారణం ఉంటుందని నమ్మి బతికినవాణ్ణి. కానీ కారణం బుర్రకు తెలుస్తుంది, చెవికి తెలియదు. ఒకరోజు మీటింగు మధ్యలో ఆ చప్పుడు వినగానే, "ఆఁ, వస్తున్నా" అనేశాను.

మైకు ఆన్‌లో ఉంది. "సార్, ఇంట్లో మేడమ్ పిలుస్తున్నట్టున్నారు, వెళ్లి రండి. మేం వెయిట్ చేస్తాం" అని అవతల కొత్తగా చేరిన అమ్మాయి నవ్వుతూ అంది. ఆమెకు తెలియదు. తెలిసినవాళ్లు నలుగురున్నారు. ఆ నలుగురి కెమెరాలూ ఒకదాని తరవాత ఒకటి ఆరిపోయాయి.

ఆ వారమే కుర్చీని ఆటోలో వేసుకుని మా కాలనీ మార్కెట్లో ఫర్నిచర్ బాగుచేసే కొట్టుకి పట్టుకెళ్లాను. కొట్టతను దాన్ని తలకిందులు చేసి, కాళ్లు పట్టుకుని ఊపి చూశాడు.

"దీనికి మేకులూ లేవు, స్క్రూలూ లేవండి. మొత్తం కొయ్య చీలల మీదే నిలబడింది" అన్నాడు. వదులైన కాలు లాగి చూపించాడు. చిటికెన వేలంత మందం ఉన్న గుండ్రటి చీల ఒకటి, సగం కాలులో, సగం అడ్డకర్రలో ఉండాల్సింది, మధ్యకు చిట్లి ఉంది. బజార్లో ప్యాకెట్లలో దొరికే రెడీమేడ్ చీలలు రెండు రకాలు తెచ్చి పెట్టి చూశాడు. ఒకటి వదులు. రెండోది అసలు దూరలేదు.

"ఈ కొలత ఎక్కడా దొరకదండి. ఎవరో సొంతంగా చేసుకున్నారు. బెజ్జం పెద్దది చేసి స్క్రూ దించేస్తాను, ఇక జన్మలో కదలదు."

వద్దన్నాను. ఆ చీలలు ఎవరు చేశారో నాకు తెలుసు.

ఇరవై ఏళ్ల పైమాటే. మా అమ్మాయికి అప్పుడు ఏడాది నిండలేదు. కాకినాడ నుంచి వచ్చి కొండాపూర్‌లో అద్దెకుండేవాళ్లం. అప్పుడు అక్కడ అద్దాల భవనాలకంటే బండరాళ్లే ఎక్కువ. ఊళ్లో ఒక వడ్రంగి ఉండేవాడు. సన్నటి మనిషి, తక్కువ మాట్లాడేవాడు. ఆరు కుర్చీలు కావాలని నా భార్య ఆయన దగ్గరికి వెళ్లి, వీపుకి మూడు బద్దలు నిలువుగా ఉండాలని నేల మీద బొగ్గుతో గీసి చూపించింది. నెల తరవాత నాలుగు కుర్చీలు ఒక ట్రాలీ ఆటోలో వచ్చాయి. మిగతా రెండూ చెయ్యలేనని వడ్రంగి చెప్పమన్నాడని ఆటో అతను చెప్పి వెళ్లిపోయాడు. నా భార్య రెండుసార్లు కనుక్కోవడానికి వెళ్లింది. రెండుసార్లూ ఇంటికి తాళం వేసి ఉంది. ఆ తరవాత మేము కూకట్‌పల్లి మారిపోయాం. ఇంటికి చుట్టాలొచ్చి ఇద్దరికి ప్లాస్టిక్ కుర్చీలు వేయాల్సి వచ్చిన ప్రతిసారీ, "ఆ రెండు కుర్చీలూ ఎందుకు చెయ్యలేదో ఆయన" అనేది. కోపంగా కాదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

ఒక శనివారం పొద్దున, చిట్లిన చీలను కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని కొండాపూర్ వెళ్లాను. పాత ఊరు ఇంకా ఉంది, కాకపోతే వెతుక్కోవాలి. సందులు అవే, వాటికి రెండు పక్కలా ఐదంతస్తుల హాస్టళ్లు లేచాయి. ప్రతి బాల్కనీకీ తడి తువ్వాళ్లు వేలాడుతున్నాయి. వడ్రంగి ఇల్లు ఉన్న చోట కూడా ఒక హాస్టలే ఉంది. దాని పక్కగా ఒక మనిషి పట్టే దారి, దారి చివర రేకుల షెడ్డు. షెడ్డులోంచి ఏదో తిరుగుతున్న చప్పుడు వినబడింది. కరెంటు యంత్రం చప్పుడు కాదు. ఇనుప పళ్లు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ మెల్లగా తిరిగే చప్పుడు. కాసేపు తిరిగింది, ఆగింది. మళ్లీ తిరిగింది, ఆగింది.

లోపల డెబ్బై ఏళ్ల ఆవిడ ఒకరు పని బల్ల ముందు నిలబడి ఉన్నారు. బల్లకి బిగించిన నల్లటి ఇనుప పనిముట్టు పిడిని తిప్పుతున్నారు. అందులో చెక్క ఏమీ లేదు. ఉట్టి చక్రమే తిరుగుతోంది.

"ఎవలు?" అన్నారు, తిప్పడం ఆపకుండా.

కాగితం విప్పి చీల చూపించాను. కుర్చీల సంగతి చెప్పాను. ఆవిడ చీలను వేళ్ల మధ్య దొర్లించి చూశారు.

"టేకు కుర్చీలు. వీపు కాడ మూడు బద్దలు. గవేనా?"

"అవేనండి."

"ఆయన లేడు. పోయి నాలుగేండ్లాయె."

ఇలాంటి చీలలు ఏమైనా మిగిలి ఉన్నాయా అని అడిగాను.

"మిగల్లే. చేసుకోవాలె" అన్నారు. నన్ను పైనుంచి కిందికి చూశారు. "నేను తిప్పుత. తోసెటోడు కావాలె. నువ్వు తోస్తవా?"

మా వైపు పరిచయం లేనివాళ్లను మీరు అంటాం. ఆవిడ నువ్వు అనగానే, చాలా రోజుల తరవాత నన్నెవరో నిజంగా పని అడిగినట్టు అనిపించింది. తోస్తానన్నాను.

ఆ పనిముట్టు సంగతి చెప్పాలి. రెండు జానల పొడుగు, పోత ఇనుముతో చేసింది. ఏ దేశంలోనో ఎప్పుడో పోసింది. పక్కన ఏవో అక్షరాలు ఉబ్బెత్తుగా ఉండేవట, అరిగిపోయి చేతికి తగులుతాయి గానీ కంటికి కనబడవు. వడ్రంగి దాన్ని పాత ఇనుప సామాన్ల బజార్లో కొన్నాడట. ఒక వైపు తిప్పే పిడి. పిడి తిప్పితే పళ్ల చక్రాలు తిరిగి, మధ్యలో గొట్టంలాంటి బోలు తల ఒకటి గిర్రున తిరుగుతుంది. ఆ తలలో ఒక చిన్న కత్తి బిగించి ఉంటుంది. ఒక వైపు నుంచి నలుచదరపు పుల్లను తోస్తే, కత్తి దాని అంచులు చెక్కేస్తుంది. అవతలి వైపు నుంచి గుండ్రటి చీల బయటికి వస్తుంది. ఒక్క మనిషే ఒక చేత్తో తిప్పుకుంటూ ఒక చేత్తో తోసుకోవచ్చు. కానీ వడ్రంగికి అలా నచ్చేది కాదట. రెండు పనులు ఒక మనిషి చేస్తే రెండూ కుదురుగా రావు అనేవాడట. అందుకని పెళ్లైన కొత్తలోనే పిడి ఆవిడ చేతికి ఇచ్చాడు.

"వడ్ల పని ఆయనది. తిప్పుడు నాది" అన్నారావిడ. వడ్రంగాన్ని అటువైపు వడ్ల పని అంటారు. "ఏండ్లకేండ్లు తిప్పిన. నన్ను వడ్లామె అని ఎవ్వలనలే."

ఉలి, చిత్రిక ఆవిడ ఎప్పుడూ పట్టలేదట. కానీ ఆ పనిలో ఆవిడకు తెలియనిది లేదు. మొదటి శనివారమంతా పుల్లలు తయారు చేయించారు. షెడ్డు దూలాల మీద దాచిన పాత టేకు ముక్కను దింపించారు. నేను రంపం అందుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపారు.

"కొయ్యొద్దు. చీల్చాలె. కట్టెకు నరాలుంటయి. కోస్తే నరం తెగుతది. చీలిస్తే నరం ఎంబడి పోతది. గట్ల చేసిన చీల ఇరగది."

ఉలి మీద సుత్తితో కొట్టి చీల్చాను. చీల్చిన బద్దలను చిత్రిక పట్టి నాలుగు వైపులా సమంగా చేశాను. సాయంత్రానికి నా అరచేతుల్లో రెండు బొబ్బలు, చేతిలో పదహారు వంకర పుల్లలు. ఆవిడ ఒక్కొక్కటీ కన్ను దగ్గర పెట్టుకుని చూసి ఐదింటిని పక్కన పడేశారు.

ఇంటికి వచ్చాక మా అమ్మాయి నా చేతులు చూసి, "ఏంటి నాన్నా ఇది? ఆన్‌లైన్‌లో కొత్త కుర్చీ వస్తుంది కదా" అంది. ఏడాదిగా తను హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తోంది. నాతో పాటే ఉంటుంది. వాళ్లమ్మ పోయాక మేమిద్దరం చాలా మర్యాదగా బతుకుతున్నాం. కూరల గురించి, క్యాబ్ వేళల గురించి, కరెంటు పోవడం గురించి మాట్లాడుకుంటాం. తను నా ముందు ఒక్కసారి కూడా ఏడవలేదు. గట్టి పిల్ల అని చుట్టాలన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

రెండో శనివారం కత్తి సానరాయి మీద నూరి, పుల్లల కొసలు పెన్సిల్‌లా చెక్కి, మొదలుపెట్టాం. ఆవిడ పిడి తిప్పారు, నేను తోశాను. మొదటి పుల్ల మెలికలు తిరిగి, ఒళ్లంతా గాట్లతో బయటికొచ్చింది. రెండోది మధ్యలోనే విరిగింది.

"ఉరకకు" అన్నారావిడ. "అదే గుంజుకుంటది. నువ్వు జర ఆసరియ్యి, చాలు."

మూడో పుల్లకు కుదిరింది. కత్తి చెక్కను అందుకోగానే నా వేళ్లకు చిన్న వణుకు తెలిసింది. ఆ తరవాత అది తనంతట తనే లోపలికి నడిచింది. అవతలి వైపు నుంచి సన్నటి పొట్టు ఉంగరాలుగా రాలింది, పాత టేకు వాసన లేచింది. పొట్టు మధ్యలోంచి నున్నటి గుండ్రటి కొస మెల్లగా బయటికొచ్చింది. ఆవిడ కళ్లు మూసుకుని తిప్పుతున్నారు. పెదాలు కదులుతున్నాయి. నాతో కాదు, ఇంకెవరితోనో మాట్లాడుతున్నట్టు. షెడ్డులో మేమిద్దరమే ఉన్నాం. అయినా నా వీపు వెనక ఎవరో నిలబడి నా చేతుల్ని చూస్తున్నారనిపించి, ఒకసారి తిరిగి చూశాను. గోడకు వేలాడుతున్న రంపాలు, అంతే.

నాలుగో పుల్ల సగంలో ఉండగా పొట్టు ఇరుక్కుంది. పుల్ల కదలడం మానేసింది. అంత పెద్దావిడను ఆపమనడం ఎందుకని, చూపుడు వేలితో ఆ పొట్టును తీసేయబోయాను.

ఆవిడ అరిచిన అరుపుకు షెడ్డు రేకులు అదిరాయి. పిడి వదిలేసి, రెండు చేతులతో నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగారు. నా వేలికేమీ కాలేదు. ఆవిడ మాత్రం నేల మీద కూలబడి, పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చాను. తాగలేదు. గ్లాసు పట్టుకుని కూర్చున్నారు.

"అనాలె" అన్నారు. "ఆగు అనాలె. అంటెనే నేను ఆపుత. అనకుంట వేలు పెడతవా?"

"తప్పైపోయిందండి. తెలియలేదు."

"ఆయన అన్నడు" అన్నారు. "ఆయన ఆగు అన్నడు. నాకే ఇనబడలే."

అప్పుడు చెప్పారు. అప్పట్లో అటువైపు బండలు పేల్చేవాళ్లట, భవనాల కోసం. పేల్చే ముందు ఈల ఊదేవాళ్లు. ఈల వినబడితే పనాపి చెవులు మూసుకునేవాళ్లు. ఆరోజు ఈల ఊదారో లేదో తెలియదు. పొట్టు ఇరుక్కుంది. ఆయన ఆగు అని, ఎప్పటిలాగే వేళ్లు లోపల పెట్టాడు. సరిగ్గా అప్పుడే బండ పేలింది.

"పేలుడు ఇనబడ్డది, ఆయన మాట ఇనబడలే. అదిరి పడి చెయ్యి ఇంకింత జోరుగ తిప్పిన. చూపుడు వేలు, నడిమి వేలు. సగం సగం పోయినయి. దవాఖానల వారం ఉన్నం."

నేను అడగలేదు. కానీ ఆవిడే అన్నారు: "గా కుర్చీలకే. ఐదో దానికి."

నా భార్య ఏళ్ల తరబడి అడిగిన ప్రశ్నకు జవాబు ఇది. వినడానికి ఆమె లేదు. బయట హాస్టల్ పిల్లల బట్టలు ఉతికే మిషన్ ఏదో గిరగిరా తిరుగుతోంది. నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను.

ఆ తరవాత వడ్రంగి మళ్లీ పనిముట్టు ముట్టుకోలేదు. పేల్చిన బండల జాగాలో లేచిన ఒక ఆఫీసు భవనానికి సెక్యూరిటీగా చేరాడు. సెల్యూట్ కొడితే వేళ్లు కనబడతాయని ఎడమ చేత్తో కొట్టేవాడట. దానికి పైవాళ్లు తిట్టేవాళ్లట. చచ్చేదాకా భార్యను మాత్రం ఒక్క మాట అనలేదు.

"నీ తప్పు గాదు, బండ తప్పు అన్నడు. తిడితే బాగుండు సారూ. తిట్టలేదు గనుకనే గా మాట నా చెవుల ఉండిపోయింది. అప్పుడు ఇనబడలే, ఇప్పుడు ఇనబడతది. పొద్దుగాల వచ్చి తిప్పుత. తిప్పుతుంటె ఇనబడతది, ఆగు అని. వెంటనే ఆపుత. మల్ల తిప్పుత. మల్ల ఆపుత."

మొదటిరోజు నేను దారిలో నిలబడి విన్న చప్పుడు అదీ.

ఎందుకు చెప్పానో నాకిప్పటికీ తెలియదు. రెండేళ్లుగా ఎవరికీ చెప్పనిది, ఎవరో కూడా సరిగా తెలియని ఆ మనిషికి, పొట్టు పరిచిన నేల మీద కూర్చుని చెప్పాను.

నా భార్య పోయిన రోజు నేను మీటింగులో ఉన్నాను. చెవులకు హెడ్‌ఫోన్స్. వెనక వైపు బట్టలు ఉతికే చోటు నుంచి ఆమె పిలిచింది: "ఏమండీ, ఒకసారి రండి." హెడ్‌ఫోన్స్ లోంచి కూడా వినబడింది. నేను వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి, "ఐదు నిమిషాలు" అన్నాను. ఆమె మళ్లీ పిలవలేదు. మీటింగు ఐదు నిమిషాల్లో అవలేదు, చాలాసేపు నడిచింది. అయ్యాక మంచినీళ్లు తాగి, అప్పుడు వెళ్లాను. వాషింగ్ మిషన్ పక్కన నేల మీద పడి ఉంది. ఫోను చేతి కింద ఉంది. గుండె అన్నారు డాక్టరు. "మిమ్మల్నేమైనా పిలిచారా?" అని అడిగారు. లేదన్నాను. అలా ఎందుకన్నానో! ఒకసారి అన్నాక మళ్లీ మార్చలేకపోయాను. బావమరిదికి అదే చెప్పాను. రాత్రికి హాస్టల్ నుంచి వచ్చిన మా అమ్మాయికీ అదే చెప్పాను. చిన్న చప్పుడైనా వినబడలేదమ్మా అన్నాను. మర్నాటి నుంచి మళ్లీ హెడ్‌ఫోన్స్ పెట్టుకోలేదు.

ఆవిడ అంతా విన్నారు. అయ్యో అనలేదు. మన చేతుల్లో ఏముంది అనలేదు.

"నాకు ఇనబడలే. నీకు ఇనబడ్డది" అన్నారు. "రెండు ఒక్కటి గావు."

"కావండి."

"బిడ్డకు చెప్పినవా?"

"లేదు."

"చెప్పొద్దని ఎవలన్నరు?"

"ఎవరూ అనలేదు."

"మల్ల?"

ఆవిడ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచారు. "రా. కాలుకొకటి, ఇంకా మూడు కావాలె."

మళ్లీ పిడి తిరిగింది, మళ్లీ పుల్ల లోపలికి నడిచింది. ఈసారి పొట్టు ఇరుక్కోగానే, "ఆగండి" అన్నాను.

"ఆగండి గాదు. ఆగు అను."

"ఆగు" అన్నాను.

చక్రం అక్కడికక్కడే నిలిచింది. ఆవిడ కళ్లు తెరవలేదు. "చెయ్యి తీసినవా?" అని అడిగారు. ఆ గొంతు నాతో మాట్లాడే గొంతు కాదు. అందులో చనువు ఉంది, భయం ఉంది, ఎన్నో ఏళ్ల కాపురం ఉంది.

"తీశాను" అన్నాను.

పొట్టు ఇరుక్కున్నా ఇరుక్కోకపోయినా ఆరోజు నేను ఎన్నిసార్లు ఆగు అన్నానో లెక్కలేదు. అన్న ప్రతిసారీ ఆవిడ ఆపారు. ఆపిన ప్రతిసారీ, "ఇనబడ్డది" అని తనలో తను అనుకున్నారు. మూడు చీలలు కావాల్సిన చోట ఏడు చేశాం. చీల మందం సరిచూసుకోడానికి వడ్రంగి బెజ్జం పెట్టి ఉంచిన పలకలో వేసి చూస్తే ఏడూ సరిగ్గా దిగాయి.

మూడో శనివారం కుర్చీ పట్టుకెళ్లాను. చీలలను ఆవిడ వారమంతా రేకు డబ్బాలో పెట్టి పొయ్యి పక్కన ఉంచారు. బాగా ఎండి బిగిసిన చీల, జిగురు తడి తగలగానే ఉబ్బి బెజ్జాన్ని పట్టేస్తుందట. జిగురు రాసి, చెక్క సుత్తితో దించి, కాళ్లు నాలుగూ తాడుతో బిగించి కట్టాం. అది అయ్యాక ఆవిడ పనిముట్టును నూనె గుడ్డతో తుడిచి గోనె సంచి కప్పారు. "ఇక తిప్పరా?" అని అడిగితే, "మోకాళ్లు నొస్తున్నయి" అన్నారు. తరవాత రెండుసార్లు వెళ్లాను. గోనె సంచి తీసినట్టు లేదు. ఆవిడ బయట అరుగు మీద కూర్చుని హాస్టల్ వంటకు చిక్కుళ్లు ఒలుస్తున్నారు. నాతో నీళ్ల ట్యాంకర్ రాకపోవడం గురించి మాట్లాడారు, షెడ్డు ఊసు ఎత్తలేదు. ఆ మాట ఇంకా వినబడుతోందో లేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

కుర్చీ మాత్రం ఉలకలేదు, పలకలేదు. ఎండ వచ్చేది, వెనక కాలు ఎక్కేది, దిగి పోయేది. చప్పుడు లేదు. మొదటి రెండు రోజులూ హాయిగా అనిపించింది. మూడో రోజు పదకొండింటికి నా చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఇన్నాళ్లూ కుర్చీ చప్పుడు చేసి ఆమె గొంతును కప్పిపెట్టిందని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఆ గొంతే వినబడుతోంది. స్పష్టంగా, వెనక వైపు నుంచి. లేచి వెళ్లి చూసేవాణ్ణి. వాషింగ్ మిషన్ మూత, బట్టల బుట్ట. వచ్చి కూర్చునేవాణ్ణి.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, మా అమ్మాయి కంచాలు తియ్యబోతుంటే కూర్చోమన్నాను. చెప్పేశాను. అమ్మ పిలిచిందనీ, నాకు వినబడిందనీ, ఐదు నిమిషాలు అన్నాననీ, అందరితోనూ అబద్ధమాడాననీ. బల్ల మీద పడ్డ మెతుకులు చూస్తూ చెప్పాను. తన మొహం చూడలేదు.

తను కంచాలు ఒకదాని మీద ఒకటి పేర్చింది. తరవాత, "నాకు కూడా ఫోన్ చేసింది నాన్నా" అంది.

తలెత్తాను.

"ఆ టైమ్‌లోనే. ల్యాబ్‌లో ఉన్నా. కట్ చేసి, తర్వాత చేస్తానని మెసేజ్ పెట్టా. ఇంటికొచ్చాక అమ్మ ఫోన్‌లోంచి ఆ కాల్ తీసేశా, నువ్వు చూస్తావని." కంచాలను పక్కకి నెట్టింది. "నీకేం వినబడలేదన్నావు కదా. అంటే నన్నొక్కదాన్నే పిలిచిందనుకున్నా. రెండేళ్లు అదే అనుకున్నా."

నా అబద్ధం నా ఒక్కడి మీదే ఉందనుకున్నాను. దాన్ని మోసింది తను. ఇరవై ఒక్కేళ్ల పిల్ల, ఒంటరిగా, నా ఎదురుగా కూర్చుని అన్నం తింటూ మోసింది. క్షమించమ్మా అనబోయాను. తను చేత్తో ఆపింది. లేచి తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. వారం దాకా నాతో సరిగా మాట్లాడలేదు. అడిగినదానికి జవాబు, అంతే. పాత మర్యాద కూడా పోయింది. నాకు అది పోవడమే మంచిదనిపించింది, భయమూ వేసింది.

ఎనిమిదో రోజు పొద్దున ఆఫీసుకి తయారై, భుజానికి బ్యాగు తగిలించుకుని, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

"అమ్మ ఎలా పిలిచింది?" అంది.

"చెప్పాను కదమ్మా. ఏమండీ, ఒకసారి రండి అని."

"మాటలు కాదు నాన్నా. ఎలా పిలిచింది? అమ్మలా అను."

నా వల్ల కాదన్నాను. తను కదల్లేదు. కింద క్యాబ్ హారన్ కొడుతోంది. కళ్లు మూసుకున్నాను. రెండేళ్లుగా నాలోనే ఉన్న గొంతే. దాన్ని నా నోటితో పలకడానికి ఎంతసేపు పట్టిందో. చివరికి అన్నాను. ఆమె సాగదీసినట్టే చివర కాస్త సాగదీసి, "ఏమండీ... ఒకసారి రండి" అన్నాను.

"భయపడినట్టు ఉందా?" అని అడిగింది మా అమ్మాయి. "నొప్పిగా ఉన్నట్టు?"

మళ్లీ విన్నాను. నిజం చెప్పాలనుకుని, జాగ్రత్తగా విన్నాను.

"లేదమ్మా. కూరలో ఉప్పు చూడమని పిలిచినట్టు ఉంది."

బ్యాగు భుజం మీద నుంచి జారింది. తను గుమ్మం దగ్గరే, చెప్పులతోనే, నేల మీద కూర్చుని ఏడ్చింది. వాళ్లమ్మ పోయాక నేను చూసిన మొదటి ఏడుపు. వెళ్లి పక్కన కూర్చున్నాను. క్యాబ్ అతను రెండుసార్లు ఫోన్ చేసి, చూసి చూసి వెళ్లిపోయాడు.